ముద్దుపేరు పెట్టిన పాపానికి

పోయిన వారం హైమను మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఉతికిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని ఇంకా అక్కడే ఉంది. కింద హాల్లో బాపురావు గారు కూతురి చేతిలోంచి వీడియో గేమ్ లాక్కుని, దాని బుల్లి తెర మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని పైకి చదివారు. "బుజ్జిముండ" అని చదివారు. ఇల్లంతా వినబడేలా చదివారు. హైమ ఇంకో మెట్టు దిగలేదు. ఎందుకంటే ఆ మాట రాసింది ఆమే.

ఇప్పుడే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. తెలిసినవాళ్ళు ఈలోపు టీ పెట్టుకోండి.

ఇది లీడ్స్‌లో బాపురావు గారి ఇల్లు. ఆయన కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరయ్యారు. భార్య పుష్పలీల, పదిహేడేళ్ళ కూతురు అక్షర. అక్షరను బెల్‌ఫాస్ట్‌లో డాక్టరీ చదివించడం ఒక్కటే ఆయన జీవితంలో మిగిలిన పని. పై గదిలో క్రాంతి, అతని భార్య హైమ అద్దెకుంటారు. క్రాంతి ఆఫీసులో ఆయన కింద, ఇంట్లో ఆయన నెత్తి మీద. హైమది అమలాపురం పక్కన. ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టి పెట్టి అలిసిపోయి, బయట చలికీ లోపల మొహమాటానికీ మధ్య ఆ గదిలో ఇరుక్కుపోయింది. అడుగు గట్టిగా పడితే కింద చప్పుడవుతుందని పిల్లిలా నడవడం నేర్చుకుంది. పుష్పలీల వంటింట్లో లేని టైము చూసి దిగి, పోపు ఘాటు రాకుండా వండుకుని, గిన్నెలు తుడిచి మరీ పైకి వెళ్ళిపోతుంది. ఎవరూ ఒక్క మాట అనరు. అనకపోవడమే ఆమెకు ఊపిరాడకుండా చేస్తుంది.

ఆ గదిలో ఆమెకు దొరికిన దిక్కు ఫెరోలింగ్స్ అనే ఆట. క్రాంతి ఎవరి దగ్గరో పాతది కొనుక్కొచ్చి, కొన్నాళ్ళాడి వదిలేశాడు. పొదల్లో దాక్కున్న వింత జంతువులను పట్టుకోవాలి, పెంచాలి, ఎదుటివాళ్ళ జంతువులతో కొట్లాటకు దింపాలి. ఆట అంతే. కానీ ఆ ఆట మీద ఇంటర్నెట్‌లో ఒక ఫోరం ఉంది. అక్కడ మనుషులు ప్రాణాలు పెట్టి పోట్లాడుకుంటారు. ఆట మొదట్లో ఇచ్చే మూడు జంతువుల్లో నీటి పడ్లింగ్‌ను తీసుకునేవాళ్ళు తెలివైనవాళ్ళా, నిప్పు ఎంబిట్‌ను తీసుకునేవాళ్ళా? ఆకుల మాస్కిన్‌ను తీసుకునేవాళ్ళకు అసలు బుర్ర ఉందా? మూడో గేములో పడ్లింగ్‌కు రెక్కలు తగిలించిన మహానుభావుణ్ణి ఏం చేసినా పాపముందా? హైమ పడ్లింగ్ పక్షం. రెక్కల్లేని పడ్లింగ్ పక్షం. ఈ విషయంలో ఆమెతో వాదించి గెలిచినవాడు లేడు.

ఫోరంలో ఆమె పేరు మిసెస్ పడ్లింగ్. కాన్వెంటు టీచరమ్మ నేర్పిన ఇంగ్లీషులో కామాలు, ఫుల్‌స్టాపులతో పద్ధతిగా రాసేసరికి, అందరూ ఆమెను ఎవరో రిటైరైన ఇంగ్లీషు ముసలమ్మ అనుకున్నారు. హైమ కాదనలేదు. ఆ ముసలమ్మ మాటకు విలువ ఉంది. హైమ మాటకు ఈ ఊళ్ళో అదెక్కడా లేదు.

ఆ ముసలమ్మకు ఒక బద్ధశత్రువు ఉండేది. పేరు ఎంబిట్ ఫరెవర్. పడ్లింగ్‌ను తడిసిన గోనెసంచి అన్న పిల్ల. ఏడాది పాటు తిట్టుకుని తిట్టుకుని ఇద్దరూ స్నేహితులయ్యారు. చివరకు ఒకరోజు ఆ పిల్ల ఎవరికీ చెప్పని సంగతి ముసలమ్మకు చెప్పుకుంది. మెడిసిన్‌కు అప్లై చేశానని ఇంట్లో నమ్మిస్తోందట. చెయ్యలేదట. డండీ అనే ఊళ్ళో గేములు తయారుచెయ్యడం నేర్పే కోర్సుకు మాత్రమే పెట్టిందట. నాన్నకు తెలిస్తే ఈ ఇంట్లో నాకు చోటుండదు అని రాసింది.  హైమ ఎవరితోనూ చెప్పనని మాటిచ్చి, తను గుడ్డు నుంచి పెంచుకున్న పడ్లింగ్‌ను కానుకగా పంపింది. దానికి తను పెట్టుకున్న పేరు బుజ్జిముండ. ఈ ఆటలో ఒకరు పెట్టిన పేరును ఇంకొకరు మార్చలేరు. అది సరైన రూలా కాదా అని ఫోరంలో ఇంకో యుద్ధం నడుస్తోంది, అందులోకి పోవద్దు.

ఎవరో ఇంగ్లీషు పిల్ల అనుకుంటున్న ఆ ఎంబిట్ ఫరెవర్ కింద ఉండే అక్షరేనని హైమకు మెట్ల మీద తెలిసింది. అక్షరకు మాత్రం మిసెస్ పడ్లింగ్ ఎవరో ఇంకా తెలియదు.

బాపురావు గారి లెక్క వేరు. ఆయన వైపు ఆ రెండో సగం మాట ఆడపిల్లనంటే తలలు పగులుతాయి. ఆ జంతువును మిసెస్ పడ్లింగ్ అనే ఇంగ్లీషు ముసలమ్మ పంపిందని అక్షర చెప్పింది, కానీ ఆ మాట రాసినవాడు తెలుగువాడు. అంటే ఇంగ్లీషు ముసలమ్మ వేషంలో తన కూతురితో ఎవడో తెలుగువాడు మాటలు కలుపుతున్నాడు. లీడ్స్‌లో ఈ ఆట ఆడే తెలుగువాడు ఆయనకు తెలిసి ఒక్కడే. అనంతపురం బాలాజీ. ఆయన టీములోకి కొత్తగా వచ్చాడు, లంచ్ టైములో అందరి ముందూ వీడియో గేమ్ పట్టుకుని కూర్చుంటాడు. "ఆదివారం భోజనానికి రావయ్యా" అని ఆయన పిలిచారు.

మేనేజర్ ఇంటికి పిలిచాడని బాలాజీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు.

భోజనాలయ్యాయి. బయట వాన. బాపురావు గారు లేచి హాలు తలుపు దగ్గరికి వేసి, దాని పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. హైమ సోఫాలో పుష్పలీలకూ గోడకూ మధ్య ఇరుక్కుని ఉంది. లేచి పోవాలంటే ముందు పుష్పలీల మోకాళ్ళు, తర్వాత టీపాయ్, ఆ తర్వాత బాపురావు గారు. క్రాంతి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అక్షర కార్పెట్ మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది.

"కూర మంచిగుండెనా?" అన్నారు బాపురావు గారు.

"సూపర్ సార్. ఆంటీ, మటన్ మా అమ్మ చేసినట్లే ఉండాది."

"సరే. గిది చూడు." అక్షర వీడియో గేమ్‌ను టీపాయ్ మీద పెట్టారు.

బాలాజీ ముఖం వెలిగిపోయింది. దాన్ని అందుకుని, తెరిచి, రెండు మీటలు నొక్కి, "అబ్బ! రెక్కల్లేని పడ్లింగా! ఇప్పుడెక్కడ దొరుకుతాదిది? గుడ్డు నుంచి పెంచితే తప్ప..." అంటూ ఆగిపోయాడు. పేరు చదివినట్టున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మూత మూసి, వేడి గిన్నె దించినట్టు టీపాయ్ మీద పెట్టేశాడు.

"ఇదేం పేరు సార్? ఆడోళ్ళు ఉండే ఇంట్లో..."

"అదే నేను నిన్ను అడుగుతున్న. ఎందుకు పెట్టినవు?"

"నేనా?"

"మిసెస్ పడ్లింగ్ అని పేరు పెట్టుకొని నా బిడ్డతోని ముచ్చట్లు పెట్టేది నువ్వే గదా?"

బాలాజీకి ఇప్పుడర్థమైంది, తలుపెందుకు వేశారో. తలుపు వంక చూశాడు, బాపురావు గారి వంక చూశాడు.

"సార్, దేవుని తోడు, నాకేం తెలీదు సార్."

"డాడ్, స్టాపిట్!" అంది అక్షర. ఆ పిల్ల తెలుగు అంతా అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. మిసెస్ పడ్లింగ్ ఒక ఓల్డ్ లేడీ అనీ, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉంటుందనీ, బహుశా ఆమెకు ఒక కుక్క కూడా ఉందనీ గబగబా చెప్పింది. కుక్క సంగతి హైమ ఎప్పుడూ రాయలేదు. పిల్ల మనసులో ఆ ముసలమ్మ అంత నిండుగా బతుకుతోంది.

"ఇంగ్లీష్ ముసల్దానికి బుజ్జిముండ అనే మాట ఎట్ల తెలుస్తదే?" అన్నారు బాపురావు గారు.

అక్షర తెల్లముఖం వేసింది. "ఐ థాట్ ఇట్ వాజ్ బజ్జీమండా. లైక్... బజ్జీ. ఫ్రమ్ మండే."

ఇంకో రోజైతే హైమ పడి పడి నవ్వేది. నెలల తరబడి ఆ పిల్ల తన పడ్లింగ్‌ను సోమవారం బజ్జీ అని పిలుచుకుంటోంది.

"విన్నవా బాలాజీ? దానికి మాట గూడ తెల్వదు. తెలిసినోడే పెట్టిండు. గీ ఊళ్ళ గీ ఆట ఆడే తెలుగోడివి నువ్వొక్కనివే. ఒప్పుకుంటే పోలీసుల దాక పోను. రేపు హెచ్ఆర్‌కు ఒక మాట చెప్పి హైదరాబాద్ పంపిస్త. ఒప్పుకోకపోతే నీ ఇష్టం."

"సార్! ఆ మిసెస్ పడ్లింగ్‌కూ నాకూ జన్మలో పొత్తు కుదరదు సార్! నేను మాస్కిన్ సైడు. ఆమె మా మాస్కిన్‌ను ఏమనిందో తెలుసా మీకు? నాచు పట్టిన సబ్బుబిళ్ళ అనింది! నేను మళ్ళా పెద్ద జవాబు రాసినా. దానికి ఆమె, తమ్ముడూ, సబ్బుతో వాదించను అని ఒక్క లైను రాసి పోయింది. అట్లాంటి మనిషిని నేనంటారా? నన్ను తిట్టండి, పడతా. పడ్లింగోణ్ణి అని మాత్రం అనొద్దండి సార్!"

అంత ప్రమాదంలోనూ హైమకు మనసులో 'నిజమేగా, సబ్బుబిళ్ళేగా' అనిపించింది. అభిమానం అంత చెడ్డది.

"ఓహో. అయితే ఆమె నీకు మస్తు తెలుసన్నమాట," అన్నారు బాపురావు గారు.

 ఆ ఆటలో నైపుణ్యం ఎంత చూపిస్తే అంత దోషి అవుతానని బాలాజీకి అప్పటికి తెలిసొచ్చింది. కానీ అక్షర ఊరుకోలేదు. మోకాళ్ళ మీద లేచి, "హ్యాంగ్ ఆన్. యు ఆర్ మాస్‌మాస్టర్?" అంది, ఫోరంలో మాస్కిన్ పక్షం వాడి పేరు గుర్తొచ్చి.

"అవును. నువ్వు..."

"ఎంబిట్ మాడిపోయిన బ్రెడ్డులా ఉంటుందని రాసింది నువ్వేనా?" అని ఇంగ్లీషులో నిలదీసింది.

"ఉంటాది గదా మరి! చెవులు చూడు దానివి! రెండో రూపంలో ఇంకా ఘోరం, ఫైరింజను ఢీకొట్టిన కుందేలు మాదిరి!"

"ఎట్‌లీస్ట్ ఇట్ హ్యాజ్ ఎ ఫేస్!"

"మాస్కిన్‌కి ముఖం ఉండాది! ఆకుల కింద ఉండాది! చూసే ఓపిక మీకు లేదు!"

"ఆగుండ్రి!" బాపురావు గారి అరుపుకు కిటికీ అద్దం కూడా అదిరినట్టయింది. "ఏం ముచ్చటరా ఇది? నా బిడ్డను ఒకడు ముండ అన్నడని నేను రక్తం మరిగిపోయి కూసుంటే, ముఖం ఉన్నదా లేదా అని పంచాయితీ పెడుతున్నరా?"

పుష్పలీల భర్త చెయ్యి పట్టుకుంది. "జర నిమ్మలంగ మాట్లాడుండ్రి. బీపీ ఉన్నది మీకు."

బాలాజీ తల వంచుకున్నాడు. ఇందాకటి ఆవేశం అంతా దిగిపోయింది. 

"సార్, మా సైడు ఆ మాట నోట్లో నుంచి వస్తే మా అమ్మ చెప్పు తీసుకుంటాది. నేనెందుకంటా సార్? ఆడపిల్లను ఏదో అన్నాడని పంపించేసినారంటే ఊర్లో మా నాయన తలెత్తుకోలేడు. ఉద్యోగం పోతే పోనీ. ఆ పేరుతో మాత్రం పంపొద్దండి." మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

హైమ తన చీర కొంగును వేలికి చుట్టుకుంటోంది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. ఒక్క మాట చాలు, ఈ అబ్బాయి బయటపడతాడు. కానీ ఆ మాటన్న మరుక్షణం అక్షరకు తెలిసిపోతుంది, తను ఎవరికీ చెప్పనిదంతా చెప్పుకున్నది తన ఇంట్లో పై గదిలో ఉండే ఆంటీకని. బాపురావు గారు ఊరుకునే మనిషి కాదు. ఏడాదిగా ఏం మాట్లాడుకున్నారో మొదటి నుంచి చివరి దాకా చెప్పమంటారు. ఆయన ముందు అబద్ధమాడి నిలబడగల శక్తి తనకు లేదని హైమకు తెలుసు. అటు చూస్తే ఒక అమాయకుడి పరువు. ఇటు చూస్తే ఒక పిల్ల నమ్మకం. మధ్యలో పుష్పలీల మోకాళ్ళు.

తలెత్తితే క్రాంతి తననే చూస్తున్నాడు.

అతనికి ఫోరమూ తెలియదు, మిసెస్ పడ్లింగ్ ఎవరో తెలియదు. కానీ ఆ మాట తెలుసు. ప్రతి ఆదివారం అత్తగారు ఫోన్లో కూతుర్ని పలకరించే మాట అది. 'ఏమే బుజ్జిముండా, తిన్నావా?' అని ఆవిడ అరిస్తే ఈ చివర నిలబడ్డ అల్లుడికి కూడా వినబడుతుంది. క్రాంతి కనుబొమలు ఎత్తాడు. హైమ కళ్ళు దించుకుంది. ఆ దించుకోవడంతో అతనికి అంతా అర్థమైపోయింది. కిటికీ వైపు తిరిగి వాన చూడటం మొదలుపెట్టాడు.

అప్పుడు హైమకు ఒక దారి కనబడింది. నేనని చెప్పక్కర్లేదు. మాట సంగతి చెబితే చాలు.

"అన్నయ్య గారూ, ఒక్కమాట చెప్పనాండీ?"

అందరూ అటు తిరిగారు. ఆ ఇంట్లో హైమ తనంతట తాను నోరు విప్పడం వాళ్ళకు వింతే.

"మా వైపు అది తిట్టు కాదండీ. ముద్దండీ."

"ముద్దా?" అంది పుష్పలీల.

"ఆయ్, అవునక్కా. పసిపిల్ల బోర్లాపడితే, చూడు బుజ్జిముండ ఎలా బోర్లాపడిందో అంటారు. అన్నం తినకుండా అల్లరి చేస్తే, ఒక్క ముద్ద తినవే బుజ్జిముండా అని బతిమాలతారు. కుక్కపిల్లనీ అంటారు, లేగదూడనీ అంటారు. ముందు బుజ్జి చేరిస్తే వెనక తిట్టు కాస్తా గారమైపోద్దండి. ప్రేమ లేనివాళ్ళని అలా అననే అనరు."

"ఏం ముద్దమ్మా మీది!" పుష్పలీల బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "మా దిక్కు ముద్దుకు బంగారం అంటరు, బుజ్జి అంటరు. ముండ అంటరా ఎక్కడన్న?"

"మా దగ్గర అంటారక్కా. బాలాజీ వాళ్ళ సీమలో అనరు. అతనే చెప్పాడుగా, చెప్పు తీసుకుంటారని. అంటే ఇది రాసింది అతను కాదండీ, అన్నయ్య గారూ. ఎవరో తాము పెంచుకున్న జంతువుకు ముద్దుగా పెట్టుకున్నారు. మన పిల్లని ఎవరూ ఏమీ అనలేదండి."

అంత పొడుగు మాట్లాడినందుకు హైమకే ఆయాసం వచ్చింది. కానీ తేలికగా ఉంది. బాలాజీ ఆమె వంక దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. తను బయటపడకుండా అతన్ని బయటపడేశానని హైమ మనసులో తన భుజం తానే తట్టుకుంది.

తట్టుకోవలసింది కాదు. బాపురావు గారు ఊరికే మేనేజర్ కాలేదు.

ఆయన గడ్డం నిమురుకుంటూ నెమ్మదిగా అడిగారు. "అంటే గా మాట కోస్తోళ్ళదే."

"అవునండీ."

"ఇంకెవ్వలూ ముద్దుకు అనరు."

"మరే... అనరండీ."

"అయితే బాలాజీ కాదు. ఒప్పుకున్న." బాలాజీ గట్టిగా ఊపిరి వదిలాడు. బాపురావు గారు అతని వంక చూడనైనా చూడలేదు. కిటికీ వైపు చూస్తున్నారు. "క్రాంతీ, నీదే ఊరు?"

హైమ వేలికి చుట్టుకున్న కొంగు వదిలేసింది.

"తెనాలి, సార్," అన్నాడు క్రాంతి.

"నువ్వెప్పుడన్న ఆడినవా గీ ఆట?"

"ఆడాను సార్. కొన్నాళ్ళు."

"పైన మీ రూముల వీడియో గేమ్ ఉన్నదా?"

"ఉంది సార్."

అంతకన్నా ఒక్క మాట కూడా అనలేదు. 'అది మా ఆవిడ ఆడుతుంది' అంటే అయిపోయేది. నాలుగు మాటలు. అవి అతని నోటి దాకా వచ్చాయో లేదో తెలియదు కానీ అతను భార్య వైపు తిరగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తప్పు చేసిన విద్యార్థిలా నిలబడ్డాడు.

బాపురావు గారు కుర్చీలోంచి లేచారు. ఈసారి అరవలేదు. ఆ మెల్లటి గొంతు వింటుంటే అరుపే నయమనిపించింది.

"తమ్మునిలెక్క చూసుకున్న గదరా నిన్ను. నా ఇంట్ల పెట్టుకున్న. నా నెత్తి మీదనే కూసుండి, నా నెట్టే వాడుకుంట, ముసల్దాని పేరు పెట్టుకొని, నా బిడ్డతోని..."

 పుష్పలీల గబుక్కున వంగి, అక్షర భుజం పట్టుకుని తన కాళ్ళ దగ్గరికి లాక్కుంది. క్రాంతికి దూరంగా. రోజూ ఆ ఇంట్లో వదినా అని పిలిచే మనిషికి దూరంగా. క్రాంతి అది చూశాడు. అతని ముఖం మాడిపోయింది.

హైమ అది చూసి తట్టుకోలేకపోయింది. పిల్ల రహస్యం, ఇచ్చిన మాట, పై గది, అద్దె, అన్నీ ఉన్నాయి. కానీ తన మొగుణ్ణి అలా చూడటం మాత్రం ఆమె వల్ల కాలేదు. పుష్పలీల మోకాళ్ళు దాటుకుని, టీపాయ్‌కి కాలు తగిలి, మిఠాయి డబ్బా కింద పడినా చూసుకోకుండా మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఆయన కాదండీ. నేను."

"ఏంది నువ్వు?"

"మిసెస్ పడ్లింగ్‌ని నేనేనండీ. ఆ పేరు పెట్టిందీ నేనే. మా అమ్మ నన్ను అలాగే పిలుస్తుంది. ఇక్కడ నన్ను అలా పిలిచేవాళ్ళు లేక, నేనే దాన్ని పిలుచుకునేదాన్ని. అది అక్షరకు వెళ్ళిందని నాకు తెలియదండీ. ఒట్టు. ఎవరో ఇంగ్లీషు పిల్ల అనుకున్నాను."

 బాపురావు గారు కుర్చీలో కూలబడ్డారు. ఎవడో మగవాడు కాదు. పోలీసులక్కర్లేదు. హెచ్ఆర్ అక్కర్లేదు. ఆయన ముఖంలో కోపం కరిగి, ఇంకేం చెయ్యాలో తెలియని మనిషి చిరునవ్వు వచ్చింది.

"నువ్వా? నువ్వు వీడియో గేమ్ ఆడుతవా అమ్మా?"

"ఆడతానండీ."

"ఓర్నీ!" పుష్పలీలకు నవ్వాగలేదు. "పైనున్నదానివి కిందున్నదానితోని కంప్యూటర్ల కొట్లాడినవా? మెట్లు దిగొస్తే అయిపోవు గదనే హైమా! ఇద్దరికీ చాయ్ పోస్తుంటి!"

"మీరా అక్కా?" బాలాజీ నోరు తెరిచాడు. "సబ్బుబిళ్ళ అనింది మీరా?"

"అవును తమ్ముడూ. ఏమనుకోకు."

"అనుకుంటా అక్కా. ప్రాణం కాపాడినారు, కాబట్టి ఈ పూటకు అనుకోను."

బాపురావు గారు గట్టిగా నవ్వారు. క్రాంతి దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, "మనసుల పెట్టుకోకు తమ్మీ" అన్నారు. క్రాంతి తల ఊపాడు. నవ్వలేదు గానీ ఊపాడు. పుష్పలీల కింద పడ్డ మిఠాయి డబ్బా తీసి, మూత తెరిచి, ముందు హైమకే పెట్టింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఎవరూ హైమను అలా నోటికి అందించలేదు.

 కానీ హైమ చూపంతా కార్పెట్ మీద ఉంది.

అక్షర నవ్వలేదు. ఎవరి వైపూ చూడటం లేదు. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు రావడం లేదు. తను రాసినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటోంది ఆ పిల్ల. నాన్న గురించి రాసినవి. అమ్మ గురించి రాసినవి. బెల్‌ఫాస్ట్ నుంచి ఇంటర్వ్యూ పిలుపు ఎప్పుడొస్తుందని నాన్న అడిగినప్పుడల్లా తను చెప్పే అబద్ధాలు, ఒక్కోదానికి ముసలమ్మ ఇచ్చిన ఓదార్పు. అవన్నీ చదివి, ఇదే మెట్ల మీద ఎదురుపడి, ఆ ఆంటీ ఏమీ ఎరగనట్టు పక్కకు తప్పుకుని పోయేది. పాపం, హైమ నిజంగానే ఏమీ ఎరగదు. అది ఇప్పుడు ఎవరు చెబితే నమ్ముతుంది?

అక్షర తలెత్తింది. హైమ కళ్ళతోనే చెప్పబోయింది, చెప్పను, చచ్చినా చెప్పను అని. కన్నీళ్ళు నిండిన ఆ పిల్ల కళ్ళకు అవతలి కళ్ళు ఏం చెబుతున్నాయో కనబడలేదు.

"మమ్," అంది అక్షర. ఎప్పుడూ లేనిది తెలుగు నోట వచ్చింది. "నాన్నా. ఆంటీ ఏం చెప్పినా నమ్మొద్దు. ఇట్స్ నాట్ ట్రూ. నథింగ్ షీ సేస్ ఈజ్ ట్రూ."

బాపురావు గారు బాలాజీతో ఏదో అంటూ నవ్వుతున్నారు. ఆయనకు సగమే వినబడింది. పుష్పలీలకు మొత్తం వినబడింది. మిఠాయి డబ్బా మూత నెమ్మదిగా పెట్టి, కూతురి ముఖంలోకి వంగి చూసింది.

"ఆమె ఇంకా ఏం చెప్పనేలేదు గదా, బిడ్డా?"